ఆక్వా షెడ్డులో బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్: కరెంటు ఎలా ఇవ్వాలి?

కావలి_హార్డ్‌వేర్ (కావలి)

అందరికీ నమస్కారం. కావలిలో కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాను. మిత్రుడి దగ్గర వాడిన ఆంట్‌మైనర్ ఎస్19 ఒకటి దొరికింది. లెక్కలు కట్టి బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణేలు సంపాదించే మిషన్ అది. లెక్కల వేగం 95 టెరాహాష్, కరెంటు 3,250 వాట్లు. దుకాణంలో పెడితే చప్పుడుకు పక్కవాళ్లు ఊరుకోరు. ఊరి బయట మా నాన్నగారికి రొయ్యల చెరువు ఉంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కోసం తీసుకున్న త్రీ ఫేజు సర్వీసు, గట్టి షెడ్డు రెండూ అక్కడే ఉన్నాయి. మీటరు నుంచి షెడ్డుకు 30 మీటర్లు.

ఒక అమెరికా ఫోరంలో చదివితే, ఈ మిషన్‌కు 120 వోల్టులు పనికిరావు, రెండు వేడి తీగల (కరెంటున్న తీగల) మధ్య నుంచి 240 తీసుకోవాలి అని రాశారు. మా ఎలక్ట్రీషియన్‌కు అది చూపిస్తే, "మనకు మూడు ఫేజులున్నాయి కదా, అందులో రెండు తీసి ఇద్దాం" అన్నారు. ఆదివారం వస్తానన్నారు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గెలాక్సీ_ప్యానెల్ (చీమకుర్తి)

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ముందు ఆదివారం పని ఆపించు. మన దగ్గర రెండు ఫేజుల మధ్య వచ్చేది 240 కాదు, 415 వోల్టులు. నీ మిషన్ పవర్ సప్లై మీద 200 నుంచి 240 అని రాసి ఉంటుంది. 415 ఇచ్చిన క్షణంలో లోపలి కెపాసిటర్లు పేలిపోతాయి. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ముఖం కాలుతుంది.

మనకు ఒక ఫేజు, ఒక న్యూట్రల్ కలిస్తేనే 230. ఆ మిషన్‌కు కావలసింది అదే.

సింహపురి_సర్క్యూట్ (నెల్లూరు)

ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. పై మాటకు కారణం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇదే ప్రశ్న మా విద్యార్థులూ అడుగుతున్నారు.

అమెరికాలో ఇంటికి వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌కు సరిగ్గా మధ్యలో న్యూట్రల్ తీస్తారు. అటు చివర నుంచి మధ్యకు 120, ఇటు చివర నుంచి మధ్యకు 120, రెండు చివరల మధ్య 240. అక్కడ గోడ సాకెట్‌లో వచ్చేది 120 కాబట్టి మైనింగ్ చేసేవాళ్లు ప్రత్యేకంగా 240 లైను లాగించుకోవాలి. ఆ ఫోరంలలో ఎక్కువ చర్చ దాని చుట్టూనే తిరుగుతుంది. మన పద్ధతి వేరు. మూడు ఫేజులు ఒకదానికొకటి 120 డిగ్రీల తేడాతో వస్తాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 ఉంటే, ఫేజుకూ ఫేజుకూ మధ్య దానికి 1.73 రెట్లు ఉంటుంది. అదే 400 చిల్లర. అమెరికా వాళ్లు కష్టపడి తెచ్చుకునే వోల్టేజీ మన వంటింటి సాకెట్‌లోనే ఉంది. మన సమస్య ఆ వోల్టేజీ నిలకడగా లేకపోవడం.

నీళ్లతో చల్లబడే హైడ్రో రకం మైనర్లు (మైనింగ్ మిషన్లు) కొన్ని 380 నుంచి 415 వోల్టుల త్రీ ఫేజు మీదే నడుస్తాయి. వాటి వీడియో చూసి మామూలు ఎస్19కు అలా ఇవ్వకూడదు. మిషన్ మీది లేబుల్ చదవనిదే తీగ ముట్టుకోవద్దు.

ఒంగోలుగిత్త (ఒంగోలు)

నేను 2021లో గ్రాఫిక్స్ కార్డులతో ఈథీరియం అనే ఇంకో నాణెం మైనింగ్ చేశాను. 2022 సెప్టెంబరులో ఈథీరియం ఆ పద్ధతినే వదిలేసింది, నేనూ కార్డులు అమ్మేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: వైరు విషయంలో పొదుపు చూడకండి. ఇంట్లో ఏసీ పాయింటు ఉంది కదా అని చాలామంది దానికే తగిలిస్తారు. గది చల్లబడ్డాక ఏసీ కంప్రెసర్ ఆగుతుంది, వైరుకు విశ్రాంతి దొరుకుతుంది. మైనర్ ఆగదు. రాత్రీ పగలూ ఒకే కరెంటు లాగుతూనే ఉంటుంది.

గెలాక్సీ_ప్యానెల్ (చీమకుర్తి)

గిత్తగారు అసలు సంగతి పట్టుకున్నారు. వైరు లెక్క చూద్దాం.

3,250ని 230తో భాగిస్తే 14.1 ఆంపియర్లు. మనం వాడే పెద్ద సాకెట్ 16 ఆంపియర్లది. ఆగకుండా నడిచే లోడును దేని మీదైనా 80 శాతం దాటించకూడదన్నది మా ఫ్యాక్టరీలో నియమం. 16లో 80 శాతం అంటే 12.8. కాబట్టి ఆ సాకెట్ పనికిరాదు. ఇంకో సంగతి. ఈ పవర్ సప్లై వోల్టేజీ తగ్గితే కరెంటు పెంచుకుని తన 3,250 వాట్లు తాను లాగుతుంది. 200 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు దాటుతుంది. బల్బు అయితే వోల్టేజీ తగ్గినప్పుడు మసకబారి కరెంటు తగ్గించుకుంటుంది. ఇది అలా కాదు, సరఫరా బలహీనంగా ఉన్నప్పుడే వైరును ఎక్కువ వేడెక్కిస్తుంది.

2.5 వైరు 30 మీటర్లు లాగితే పోనూ రానూ 60 మీటర్లు. దాని నిరోధం అర ఓము దాకా వస్తుంది. 14 ఆంపియర్లకు సుమారు 7 వోల్టులు దారిలోనే పోతాయి, వైరులో 90 వాట్లకు పైగా వేడి పుడుతుంది. పైపులో మూసి ఉన్న వైరు, పైన రేకుల షెడ్డు, మే నెల. నేనైతే 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తాను. వోల్టేజీ నష్టం 3 వోల్టుల లోపే ఉంటుంది. దానికి 25 ఆంపియర్ల సి రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే తెంపే స్విచ్చు). ఎంసీబీ మీద రాసిన అంకె 30 డిగ్రీల వేడికి లెక్కకట్టింది, మన పెట్టెల్లో 45 దాటుతుంది కాబట్టి 16ది పెడితే మధ్యాహ్నం ఊరికే పడిపోవచ్చు. సాకెట్ బదులు నీలం రంగు 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ ప్లగ్గు, దాని నుంచి సీ13 (కంప్యూటర్ పవర్ తీగ రకం) రంధ్రాలున్న పవర్ పట్టీ.

ఎస్19కు వెనక రెండు తీగలు పెట్టాలి. ఒక్కో సీ13 కనెక్టర్ 10 ఆంపియర్లది, రెండు పంచుకుంటే ఒక్కోదానికి 7 వస్తుంది. ఆ రెండూ ఒకే ఫేజు మీద, ఒకే ఎంసీబీ కింద ఉండాలి. ఒకటి ఈ ఫేజుకు, ఇంకోటి ఆ ఫేజుకు ఇస్తే ఒకే డబ్బాలోకి 415 తేడా తెచ్చిపెట్టినట్టే.

రొయ్యల_రైతు (ఉలవపాడు దగ్గర)

బాబూ, వైరు సంగతి కంటే ముందు ఇంకొకటి అడగాలి. అది ఆక్వా సర్వీసు కదా? నాన్నగారికి చెప్పావా?

కావలి_హార్డ్‌వేర్ (కావలి)

చెప్పానండీ. ఏరేటర్లు తిరగని వేళల్లో వాడుకోమన్నారు. సబ్సిడీతో యూనిట్ రూపాయిన్నరకే వస్తోంది కాబట్టి లెక్క కలిసివస్తుందని అనుకున్నాను. ప్యానెల్ అన్నగారూ, ఆదివారం పని ఆపించాను. చాలా కృతజ్ఞతలు.

పెన్నాతీరం (నెల్లూరు)

పద్దులు రాసే వృత్తి నాది. ఈ మాట స్పష్టంగా చెప్పాలి.

ఆక్వా సర్వీసు మీద మైనింగ్ మిషన్ పెట్టకూడదు. 2003 విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్ ఉంది. ఏ పని కోసం సర్వీసు ఇచ్చారో ఆ పనికి కాకుండా ఇంకోదానికి వాడితే అది అనధికార వాడకం. వర్తించే టారిఫ్‌కు రెండింతలు లెక్కకడతారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేల్చలేకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క వేస్తారు. రోజుకు 78 యూనిట్లు లాగే మిషన్‌కు ఏడాది లెక్క రెండింతలు చేస్తే ఎంతవుతుందో వేసి చూడండి. అసలు నష్టం దానికంటే పెద్దది. ఆ సర్వీసు మీ నాన్నగారి పేరున ఉంది. కరెంటు ఆగితే ఏరేటర్లు ఆగుతాయి. రాత్రివేళ ఏరేటర్లు ఆగితే చెరువు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

వ్యవసాయ మోటారుకు వచ్చే ఉచిత కరెంటుకూ ఇదే వర్తిస్తుంది. రైతుకు ఇచ్చే రాయితీని ఇంకో పనికి మళ్లిస్తే, రేపు ఆ రాయితీకి కోత పెట్టడానికి మనమే సాకు ఇచ్చినవాళ్లమవుతాం.

రొయ్యల_రైతు (ఉలవపాడు దగ్గర)

పెన్నాతీరంగారు నా మనసులో మాట రాశారు. రూపాయిన్నర కరెంటు లేకపోతే మేత ధరలకు, రొయ్య ధరకు మధ్య చిన్న రైతు నిలబడలేడు. తనిఖీలు ఎక్కువైతే ఇబ్బంది పడేది మా లైను మీదున్న రైతులందరూ.

చెరువుల లైను మీద ఇంకో ప్రమాదం ఉంది. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను గాలికి మా వీధి చివర న్యూట్రల్ తీగ తెగింది. ఫేజులు తెగలేదు. కొన్ని ఇళ్లలో బల్బులు మసకబారాయి, కొన్ని ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయి. ఆ సమయంలో నీ మిషన్ ఉండి ఉంటే దాన్నీ మర్చిపోవలసిందే.

సింహపురి_సర్క్యూట్ (నెల్లూరు)

రైతుగారు చెప్పినది న్యూట్రల్ తేలిపోవడం. మూడు ఫేజుల మీద లోడు సమానంగా లేనప్పుడు న్యూట్రల్ తెగితే, తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజీ 230 నుంచి పైకి పోతుంది, దారుణమైన పరిస్థితిలో 415 దగ్గరికి కూడా. ఎంసీబీ దీన్ని ఆపదు, ఎందుకంటే అది చూసేది కరెంటును. వోల్టేజీని చూసే రిలే వేరే పెట్టాలి. హద్దు దాటగానే కాంటాక్టర్‌ను (లోడును కలిపే, తెంపే పెద్ద స్విచ్చును) వదిలించేలా ఉండాలి.

అదే రిలేలో ఆలస్యపు టైమరు కూడా ఉండాలి. కోత తర్వాత కరెంటు వచ్చిన మొదటి నిమిషాల్లో ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైను) మీద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. వోల్టేజీ కిందికి పోతుంది, పైకి వస్తుంది. ఆ అలజడి అంతా తగ్గాక, మూడు నిమిషాల తర్వాత మిషన్ లేస్తే చాలు.

ఒంగోలుగిత్త (ఒంగోలు)

నాకు ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న. కృష్ణపట్నం దగ్గర 800 మెగావాట్ల బొగ్గు కరెంటు యూనిట్లు మండుతున్నాయి. ఆ పొగ మనమే పీలుస్తాం. అంత దగ్గర పుట్టిన కరెంటు మన ఊళ్లకు వచ్చేసరికి 195 వోల్టులు ఎందుకు చూపిస్తుంది?

సింహపురి_సర్క్యూట్ (నెల్లూరు)

మంచి ప్రశ్న. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం నుంచి కరెంటు 400 కిలోవోల్టుల లైన్ల మీద గ్రిడ్డులోకి వెళ్లిపోతుంది. అది ఏ ఊరిలో ఖర్చవుతుందో దూరం నిర్ణయించదు. మీ ఇంటి వోల్టేజీని తేల్చేది మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్, అక్కడికి వచ్చే 11 కిలోవోల్టుల ఫీడరు పొడవు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ స్తంభం దాకా ఉన్న అల్యూమినియం తీగ మందం. నియమం ప్రకారం 230కి అటూ ఇటూ 6 శాతం, అంటే 216 నుంచి 244 మధ్య ఉండాలి. ఫీడరు కొసన ఉన్న ఊళ్లలో సాయంత్రం 216 కూడా దక్కదు. అర్ధరాత్రి మోటార్లు ఆగాక అదే స్తంభం దగ్గర 245 దాటుతుంది. మైనర్‌కు ఈ రెండు చివరలూ ఇబ్బందే.

పల్లెల్లో 25 కేవీఏ (కిలోవాట్ లాంటి సామర్థ్యపు కొలత) ట్రాన్స్‌ఫార్మర్లు చాలా ఉన్నాయి. మూడు ఫేజులకు పంచితే ఒక్కో ఫేజుకు 8.3 కేవీఏ. మీ ఒక్క మిషన్ ఆ ఫేజులో దాదాపు 40 శాతం ఆక్రమిస్తుంది, అదీ రోజంతా. మీ వోల్టేజీ సరిగ్గా లేదని ఫిర్యాదు చేసే ముందు, మీ పక్కింటి వోల్టేజీని మీరు తగ్గిస్తున్నారేమో చూడాలి. అందుకే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టాలి. లోడు కాగితం మీద లేకపోతే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడిగే ఆధారం అధికారుల దగ్గరా ఉండదు.

కనిగిరి_ఎండ (కనిగిరి)

సోలార్ ప్యానెళ్లు బిగించే పని నాది. "కరెంటు ఖరీదైతే సోలార్ పెట్టేద్దాం" అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నాను. మా ప్రాంతంలో ఎండకు కొదవ లేదు. అయినా 1 కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. 78 యూనిట్లకు దాదాపు 20 కిలోవాట్లు కావాలి. అందుకు 200 చదరపు మీటర్ల నీడ పడని కప్పు కావాలి. పీఎం సూర్యఘర్ కింద ఇచ్చే 78 వేల రూపాయల రాయితీ ఇళ్లకు, అదీ 3 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది. రాత్రి నడవడానికి గ్రిడ్డు ఎలాగూ కావాలి.

డీజిల్ జనరేటర్ గురించి అడగనే వద్దు. లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి.

కావలి_హార్డ్‌వేర్ (కావలి)

అందరి మాటలూ చదివాను. ఆక్వా సర్వీసు ఆలోచన పూర్తిగా వదిలేశాను. నాన్నగారికి 126వ సెక్షన్ గురించి చెబితే, ముందే అడిగి ఉండాల్సింది అని కోప్పడ్డారు.

ఇప్పుడు దుకాణంలోనే పెట్టాలి. అక్కడిది వాణిజ్య సర్వీసు. వెనక గది ఖాళీగా ఉంది. గోడకు నురుగు షీట్లు అంటించి చప్పుడు తగ్గిస్తాను. పెన్నాతీరంగారూ, వాణిజ్య టారిఫ్ మీద లెక్క ఎలా ఉంటుంది?

పెన్నాతీరం (నెల్లూరు)

లెక్క మీ ముందే వేస్తాను, అంకెలు మారితే మీరే మార్చుకోండి.

3.25 కిలోవాట్లు, 24 గంటలు: 78 యూనిట్లు. నెలకు 2,340. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన టారిఫ్‌లో ఇంటి సర్వీసుకే 400 యూనిట్లు దాటితే 9 రూపాయల 75 పైసలు. వాణిజ్యంలో 500 దాటితే పది రూపాయల పైనే. స్థిర ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు వేరు. పది రూపాయలే అనుకుంటే రోజుకు 780 రూపాయలు.

ఇక రాబడి. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (మైనింగ్‌కు ఇచ్చే నాణేలు సగానికి తగ్గడం) తర్వాత ఒక్కో బ్లాకుకు (లావాదేవీల కట్టకు) 3.125 బిట్‌కాయిన్లు. రోజుకు సుమారు 144 బ్లాకులు, అంటే 450 నాణేలు ప్రపంచం మొత్తానికి. నెట్‌వర్క్ (ప్రపంచంలోని మైనింగ్ మిషన్లన్నీ కలిసిన) వేగం 900 ఎక్సాహాష్‌లు అనుకుందాం, అంటే 90 కోట్ల టెరాహాష్‌లు. అందులో మీ వాటా 95. రోజుకు 0.0000475 నాణెం. నాణెం 90 లక్షలు అనుకుంటే 427 రూపాయలు. 780 పెట్టి 427 తెచ్చుకుంటున్నారు.

కొత్త ఎస్21 అయితే? 200 టెరాహాష్‌లు, 3,500 వాట్లు. అదే లెక్కలో రోజుకు 900 వస్తుంది, 84 యూనిట్లకు 840 పోతుంది. అరవై మిగిలిందని సంతోషించే లోపు పన్ను ఉంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో ఆదాయం మీద 30 శాతం. అందులో కొనుగోలు ఖర్చు తప్ప ఇంకేదీ తీసివేయనివ్వరు. మైనింగ్‌కు పెట్టిన సదుపాయాల ఖర్చును కొనుగోలు ఖర్చుగా చూడబోమని ఆర్థిక శాఖ 2022 మార్చిలో పార్లమెంటులోనే చెప్పింది. అంటే 30 శాతం పడేది ఆ అరవై మీద కాదు, తొమ్మిది వందల మీద.

కరెంటు బిల్లుకు పెట్టే సొమ్ముతో నేరుగా నాణెం కొనుక్కున్నా ఇంతకంటే ఎక్కువ వస్తుంది. మిమ్మల్ని నిరుత్సాహపరచాలని కాదు. కష్టపడి సంపాదించిన డబ్బు కాబట్టి రాస్తున్నాను.

మార్కాపురం_పలక (మార్కాపురం)

చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గర ఆరు గ్రాఫిక్స్ కార్డుల రిగ్గు (మైనింగ్ కోసం కలిపిన కంప్యూటర్) ఉంది. వేరే నాణేల మీద నడుపుతున్నాను. కార్డు రైజర్లకు (కార్డును మదర్‌బోర్డుకు కలిపే చిన్న పలకలకు) హార్డ్ డిస్కులకు వాడే సాటా కేబుల్ నుంచి పవర్ ఇచ్చే అడాప్టర్లు పెట్టాను. ఒకటి కొంచెం గోధుమరంగు తిరిగింది. మార్చాలా?

ఒంగోలుగిత్త (ఒంగోలు)

ఇప్పుడే ఆపేయండి. ఈ రాత్రి నడపకండి.

సాటా కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడు సన్నని పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లకు. మొత్తం 4.5 ఆంపియర్లు, 54 వాట్లు. కార్డు స్లాటు నుంచి 12 వోల్టుల మీద 66 వాట్ల దాకా లాగవచ్చు. లెక్కలోనే తేలడం లేదు. పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే, గ్రాఫిక్స్ కార్డులకు వాడే ఆరు పిన్నుల పీసీఐఈ తీగతో రైజరుకు ఇవ్వండి. అది 75 వాట్లకు చేసింది. రంగు మారిన కనెక్టర్‌ను శుభ్రం చేసి మళ్లీ వాడవద్దు, పిన్ను పట్టు ఒకసారి పోతే తిరిగి రాదు. రెండు పవర్ సప్లైలు వాడుతుంటే, ఒక కార్డుకూ దాని రైజరుకూ ఒకే సప్లై నుంచి ఇవ్వండి.

గెలాక్సీ_ప్యానెల్ (చీమకుర్తి)

గోధుమరంగు అంటే ఇప్పటికే కాలుతోందని. గ్రానైట్ పాలిషింగ్ లైన్లలో నేను చూసిన మంటల్లో ఎక్కువ భాగం మంచి వైరు, మంచి బ్రేకర్ ఉన్నచోటే వచ్చాయి. వదులైన ఒక స్క్రూ, సరిగ్గా నొక్కని ఒక లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క). అక్కడ చిన్న నిరోధం ఉంటే చాలు, కరెంటు దాటినంతసేపూ వేడెక్కుతుంది. వేడికి ఇంకా వదులవుతుంది. బ్రేకర్‌కు ఏమీ తెలియదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. లోడు నడుస్తుండగా దూరం నుంచి వేడి కొలిచే పరికరంతో ప్రతి కనెక్షనూ చూడాలి. పక్కదాని కంటే ఒకటి పది డిగ్రీలు ఎక్కువుంటే అది బాగాలేదని అర్థం.

మార్కాపురం_పలక (మార్కాపురం)

ఆపేశానండీ. ఊడదీస్తే లోపల ప్లాస్టిక్ కరిగి పిన్ను కనబడుతోంది. పీసీఐఈ తీగలు తెప్పిస్తున్నాను.

కావలి_హార్డ్‌వేర్ (కావలి)

పెన్నాతీరంగారి లెక్కను నా అంకెలతో మళ్లీ వేసి చూశాను, తేడా రాలేదు. రోజంతా నడిపి సంపాదించాలన్న ఆలోచన మానుకున్నాను.

అయితే ఒక సంగతి గమనించాను. వాడిన మిషన్లు కొన్నవాళ్లు చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. బోర్డు పాడైతే దూరం పంపించాలి, నెలలు పడుతోంది. బోర్డుల మీద చిప్పులు మార్చే పని నాకు వచ్చు. ఈ ఎస్19ను పరీక్షల బల్లగా పెట్టుకుని రిపేరు పని మొదలుపెడదామనుకుంటున్నాను. అప్పుడు రోజుకు మూడు నాలుగు గంటలే నడుస్తుంది. కరెంటు మాత్రం పూర్తి లోడుకు తగినట్టే ఉండాలి కదా? మెయిన్ స్విచ్ బోర్డు నుంచి వెనక గదికి 12 మీటర్లు.

ఈ వారమంతా దుకాణంలో వోల్టేజీ రాసుకున్నాను. పగలు 225 దగ్గర, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా 204 దాకా పడుతోంది, పొద్దున్నే తెరిచేసరికి 248. ఇంకో ఇబ్బంది, మిషన్‌ను కాసేపు మామూలు సాకెట్ మీద ఒక్క బోర్డుతో పరీక్షిస్తే డబ్బా ముట్టుకున్నప్పుడు చేతికి జివ్వుమంది.

సింహపురి_సర్క్యూట్ (నెల్లూరు)

రిపేరు బల్ల ఆలోచన నాకు చాలా నచ్చింది. జిల్లాలో అలాంటి పనిమంతులు కావాలి.

జివ్వుమనడం గురించి. పవర్ సప్లై ముందు భాగంలో ఫిల్టరు కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి డబ్బాకు, ఇంకోటి న్యూట్రల్ నుంచి డబ్బాకు. ఎర్తు కలిసి ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే డబ్బా సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 దగ్గర నిలబడుతుంది. మీ సాకెట్‌లో ఎర్తు పిన్ను ఉన్నా దాని వెనక తీగ లేదని అర్థం. ఎర్తు సరిచేసేదాకా మిషన్ తగిలించకండి. రిపేరుకు తెరిచిన డబ్బాలోకి చేతులు పెట్టేది మీరే కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపే స్విచ్చు) తప్పనిసరి. ఆ ఫిల్టరు కరెంట్లు కలిసిపోతాయి కనుక ఒక ఆర్‌సీసీబీ కింద నాలుగైదు మిషన్లు పెడితే కారణం లేకుండా పడిపోతుంది. ఒక బల్లకు ఒకటి పెట్టుకోండి.

204 కింది హద్దుకు మరీ దగ్గర, 248 పై హద్దును దాటింది. 5 కేవీఏ సర్వో (చిన్న మోటారుతో సాఫీగా సర్దే) స్టెబిలైజరు పెడితే రెండూ తీరతాయి. ఇంటి ఫ్రిజ్‌కు పెట్టే రిలే రకం వద్దు, అది మెట్లు మెట్లుగా మారుతుంది, మారిన ప్రతిసారీ ఒక క్షణం తెంపు వస్తుంది. వోల్టేజీ రిలేను స్టెబిలైజరు తర్వాత పెట్టి కింద 205, పైన 240 దగ్గర బిగించండి.

గెలాక్సీ_ప్యానెల్ (చీమకుర్తి)

మూడు గంటలైనా పూర్తి లోడు పూర్తి లోడే, తమ్ముడూ. 6 స్క్వేర్ ఎంఎం మార్చకు. 12 మీటర్లకు వోల్టు పైచిలుకు మాత్రమే పోతుంది. మెయిన్ నుంచి వరుసగా 25 ఆంపియర్ల ఎంసీబీ, 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ, స్టెబిలైజరు, రిలే, కాంటాక్టర్, నీలం సాకెట్. బల్ల మీద చేతికి అందేచోట ఎర్ర పుట్టగొడుగు బటను పెట్టు, నొక్కితే కాంటాక్టర్ వదిలేయాలి. న్యూట్రల్ కూడా 6 స్క్వేర్ ఎంఎమ్మే. సగం మందం చాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ఎర్తు గొయ్యి దుకాణం వెనక తవ్వించు. మీ దగ్గర నేల తీరప్రాంతం కాబట్టి తేమ దొరుకుతుంది. మాకు రాతి నేలలో రెండు గోతులు తవ్వి కలిపినా ఓములు దిగవు. ఉప్పు గాలికి జీఐ (జింకు పూసిన ఇనుము) పట్టీ త్వరగా తుప్పు పడుతుంది, రాగి వేయించు. దరఖాస్తులో అదనపు లోడు 4 కిలోవాట్లు రాయించు.

కనిగిరి_ఎండ (కనిగిరి)

గాలి సంగతి ఎవరూ రాయలేదు. 3,250 వాట్ల కరెంటంతా వేడిగానే బయటికి వస్తుంది. ఒక టన్ను ఏసీ తీసే వేడి దాదాపు అంతే. గది గాలి పది డిగ్రీల కంటే ఎక్కువ వేడెక్కకూడదంటే గంటకు వెయ్యి ఘనపు మీటర్ల దాకా బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను కావాలి. ఎంత వెళుతుందో అంత లోపలికి రావడానికి ఎదురు గోడలో కిటికీ కావాలి. నురుగు షీట్లు ఆ దారి మూయకూడదు, పైగా అవి అంటుకుంటే ఆపడం కష్టం. రాతి ఉన్ని పలకలు వాడండి. మిషన్ 40 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. రోహిణీ కార్తెలో మన దగ్గర బయటి గాలే అది దాటుతుంది. ఆ రోజుల్లో పరీక్షలు తెల్లవారుజామున పెట్టుకోండి.

రొయ్యల_రైతు (ఉలవపాడు దగ్గర)

తెల్లవారుజామున అయితే వోల్టేజీ ఎక్కువ ఉంటుందన్నావు. స్టెబిలైజరు వచ్చేదాకా ఆగు బాబూ.

కావలి_హార్డ్‌వేర్ (కావలి)

పని పూర్తయింది. అదనపు లోడు మంజూరైంది, మీటరు పెట్టె కూడా మార్చారు. మా ఎలక్ట్రీషియన్‌కు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆయన చాలా శ్రద్ధగా చేశారు, తనకూ తెలిసివచ్చిందన్నారు. రెండు గంటలు పూర్తి లోడు మీద నడిపి చూశాం. స్టెబిలైజరు తర్వాత 230, సాకెట్ దగ్గర 229. కరెంటు 14.2 ఆంపియర్లు. డబ్బా ముట్టుకుంటే ఏమీ లేదు. ఆర్‌సీసీబీ పరీక్ష బటను నొక్కితే వెంటనే పడింది. స్క్రూల దగ్గర వేడి అన్నిచోట్లా 47, 48 డిగ్రీలు. ఎంసీబీ కింది న్యూట్రల్ లగ్గు మాత్రం 56 చూపిస్తోంది. ఇది ఫరవాలేదా?

గెలాక్సీ_ప్యానెల్ (చీమకుర్తి)

ఫరవాలేదని వదలకు. మెయిన్ ఆపి, టెస్టరుతో కరెంటు లేదని చూసి ఆ లగ్గు విప్పు. రెండు కారణాల్లో ఒకటి కనబడుతుంది: వైరు పోగులు కొన్ని లగ్గు బయట ఉండిపోయాయి, లేదా లగ్గును కటింగ్ ప్లయర్‌తో నొక్కారు. సరైన క్రింపింగ్ పనిముట్టుతో కొత్త లగ్గు వేయించి బిగించు. మళ్లీ రెండు గంటలు నడిపి కొలిచి రాయి. కొత్త రాగి వైరు వేడికి కొంచెం సర్దుకుంటుంది కాబట్టి, వారం తర్వాత ఇంకోసారి అన్ని స్క్రూలూ బిగించు.

కావలి_హార్డ్‌వేర్ (కావలి)

మీరన్నట్టే నాలుగైదు పోగులు బయట ఉన్నాయి. కొత్త లగ్గు వేయించాక 48కి దిగింది. మార్కాపురంగారూ, మీ రిగ్గు పవర్ సప్లై కూడా ఒకసారి పంపండి, లోడు మీద పెట్టి చూస్తాను.